మోసుకొచ్చినోళ్ల చరిత్ర: విండ్‌రష్ ఓడ, మన లదేణి, ఎల్.బి.నగర్ అడ్డా



పోస్టు పొడుగైంది, ముందే చెప్తున్న. ఓపికగా చదవండి. తప్పులుంటే అన్నలు, అక్కలు కింద సరిదిద్దండి. నేనింకా నేర్చుకుంటున్న పిల్లనే.

నేను దిల్‌సుఖ్‌నగర్ దగ్గర హాస్టల్‌లో ఉండి బీఏ చదువుతున్న. మాది దేవరకొండ వైపు ఒక తండా. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా బా, యాడి ఇద్దరూ ఎల్.బి.నగర్ అవతల అపార్ట్‌మెంట్లు కట్టే కాడ పని చేస్తరు. బా ది సెంట్రింగ్ పని, యాడి ఇసుక, ఇటుక మోస్తది. ఆదివారం పూట నేను వాళ్ల దగ్గరికి పోత. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, తర్వాత ఎల్.బి.నగర్. పది నిమిషాల దారి.

ఒకసారి యాడి నాతో పాటు మెట్రోలో వచ్చింది. స్టేషన్ పేరు మైకులో వినబడగానే "ఈ విక్టోరియా ఎవరే?" అని అడిగింది. ఇంగ్లండ్ రాణి అని చెప్పిన. ఆమె జ్ఞాపకంగా ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో సరూర్‌నగర్‌లో అనాథ పిల్లల కోసం ఆశ్రమం పెట్టారు, ఆ పేరే స్టేషన్‌కు వచ్చింది అని చెప్పిన.

"ఆమె ఈడికి వచ్చిందా?"

"లేదు యాడీ. ఇండియాకే రాలేదు."

"రాని ఆమెకు స్టేషన్ ఉన్నది. మీ మామ ఈ పిల్లర్ల కాడ రెండేండ్లు పని చేసిండు, ఆయన పేరు ఏడ ఉన్నది?"

అప్పుడు నవ్విన. ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది పోయిన నెల, మా క్లాసులో.

రిజర్వేషన్ల మీద ఏదో చర్చ నడుస్తుంటే ఒకబ్బాయి నవ్వుకుంటనే అన్నడు: "మీరు ఇక్కడోళ్లు కాదు కదా, రాజస్థాన్ నుంచి వలస వచ్చినోళ్లు." నాకు కోపం వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. మా తాత పేరు దాటి పైకి నాకు ఏమీ తెలియదు. ఎప్పుడు వచ్చినం, ఎందుకు వచ్చినం, వచ్చి ఏం చేసినం, ఏ ఒక్కటీ చెప్పలేకపోయిన. హిస్టరీ చదివే పిల్లకు అంతకంటే సిగ్గు ఏముంటది?

అదే వారం మా సార్ ఒక ఓడ గురించి చెప్పిండు. ఆ పాఠం విన్నాకనే ఈ పోస్టు రాయాలనిపించింది. అందుకే ముందు ఆ ఓడ సంగతి చెప్తా, తర్వాత మన సంగతికి వస్తా.

ఓడ సంగతి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ బాగా దెబ్బతిన్నది. బాంబులకు ఇండ్లు, ఫ్యాక్టరీలు కూలినై. ఆస్పత్రులకు, బస్సులకు, రైళ్లకు, బట్టీలకు మనుషులు చాలరు. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ లండన్ దగ్గరి టిల్బరీ రేవుకు చేరింది. జూన్ 22న జనం దిగారు. వెయ్యికి పైగా ప్రయాణికుల్లో ఎనిమిది వందల మందికి పైగా జమైకా, ట్రినిడాడ్ లాంటి కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో చాలామంది యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలో పనిచేసిన మనుషులు.

ఈ దీవుల ప్రజలు ఎక్కువమంది ఎవరంటే, ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ల సంతతి. చెరకు తోటల్లో వాళ్ల తాతముత్తాతల చెమట మీదనే బ్రిటన్‌లో ఎందరో ధనవంతులయ్యారు. అంటే ఓడ దిగినప్పుడు వాళ్లకు ఆ దేశంతో సంబంధం కొత్తగా మొదలు కాలేదు. మూడు వందల ఏండ్ల నుంచి ఉన్నదే. బ్రిటిష్ పౌరులుగానే వాళ్లు అక్కడ దిగారు.

ఓడ వచ్చిన రెండు వారాలకే, 1948 జూలై 5న, బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం ఇచ్చే నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. తర్వాతి ఏండ్లలో ఆ ఆస్పత్రులను నిలబెట్టిన నర్సుల్లో కరీబియన్ ఆడపిల్లలు చాలామంది. 1956 నుంచి లండన్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ బార్బడోస్ దీవికే పోయి బస్సులకు, రైళ్లకు మనుషులను ఎంచుకొని తెచ్చుకుంది.

మరి మర్యాద దొరికిందా? కిరాయికి గది అడిగితే నల్లవాళ్లకు ఇవ్వమని తలుపు వేసేవాళ్లు. 1958లో లండన్‌లోని నాటింగ్ హిల్‌లో వాళ్ల మీద దాడులు జరిగాయి. ఆ మరుసటి ఏడాది జనవరిలో ట్రినిడాడ్‌లో పుట్టిన క్లాడియా జోన్స్ అనే పత్రికా సంపాదకురాలు ఒక హాలులో కరీబియన్ కార్నివాల్ పెట్టించింది. దెబ్బ తిన్న జనానికి ఆట, పాట గుర్తు చేసి ధైర్యం ఇవ్వడం ఆమె ఆలోచన. ఈ రోజు నాటింగ్ హిల్ వీధుల్లో లక్షల మంది చేరే పండుగకు మూలాలు వెతికేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు.

1963లో బ్రిస్టల్ నగరంలో బస్సు కంపెనీ నల్లవాళ్లను, మన ఆసియా వాళ్లను డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకోం అన్నది. జనం ఆ బస్సులు ఎక్కడం మానేశారు. నెలల తరబడి పోరాడి గెలిచారు. గెలిచినంక ఆ ఊళ్లో రంగు పట్టింపు దాటి మొదట కండక్టర్ అయినాయన రఘ్‌బీర్ సింగ్, ఒక సిక్కు. అంటే కరీబియన్ వాళ్లు కొట్లాడి తెచ్చిన హక్కు మొదట మన దేశం మనిషికి అందింది. రెండేండ్లకు, 1965లో, బ్రిటన్‌లో జాతి వివక్ష మీద మొదటి చట్టం వచ్చింది.

సార్ ఇంతవరకు చెప్పి ఆపిండు. నాకు మాత్రం మా దాది చెప్పే లదేణి కథలు ఒక్కొక్కటే యాదికొచ్చినై.

మన ఓడ ఎద్దు

లదేణి అంటే మన గోర్ బోలిలో ఎద్దుల మీద సరుకు వేసుకొని తిరిగే వ్యాపారం. ఎద్దు వీపు మీద అటూ ఇటూ గోనెలు. తెలుగులో పెరికెడ్లు అనేవాళ్లు వాటినే. ఉప్పు, ధాన్యం, పప్పులు సముద్రపు ఒడ్డు నుంచి లోపలి ఊళ్లకు, పండిన చోటి నుంచి పండని చోటికి. లంబాడీ అనే పేరు ఉప్పుకున్న లవణం అనే మాట నుంచి వచ్చిందని పెద్దోళ్లు అంటరు.

ఇది దాది చెప్పిన కథ మాత్రమే అయితే క్లాసులో ఎవరూ నమ్మరు. అందుకే లైబ్రరీలో కూర్చున్న. పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1632లో ఉత్తర భారతంలో ప్రయాణం చేస్తూ ఒక పొద్దున 14,000 ఎద్దులున్న ఒక తండా ఎదురైందని, అన్నిటి మీదా ధాన్యమే ఉందని రాసుకున్నాడు. వజ్రాల కోసం గోల్కొండ దాకా వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే పది, పన్నెండు వేల ఎద్దుల బిడారులు అడ్డమొస్తే బండి ఆపుకొని రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదని రాశాడు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో ట్రాఫిక్ జామ్ గురించి మనం తిట్టుకుంటం కదా. అప్పట్ల జామ్ మనదే!

దక్కన్‌కు ఎందుకు వచ్చినం? షాజహాన్, ఔరంగజేబుల సైన్యాలు దక్షిణం మీదికి వచ్చినప్పుడు లక్ష మంది సైనికులకు, గుర్రాలకు తిండి మోసేది ఎవరు? సైన్యం వెనక నడిచే బజారు మన తండా. సైన్యాలతో వచ్చిన వాళ్లు కొందరు, ఉప్పు దారి పట్టుకొని వచ్చిన వాళ్లు కొందరు. అట్ల దక్కన్ దారులన్నీ మనవాళ్ల కాళ్లకు తెలిసినై.

ఇక్కడ ఒక నిజం దాచకుండ చెప్పాలె. ఆ సైన్యాలు ధర్మం కోసం వచ్చినవి కావు. గోల్కొండను 1687లో ఔరంగజేబు గెలుచుకున్నాడు, ఊళ్లు నష్టపోయాయి. 1791, 1792లో కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి పోయినప్పుడు తిండి అయిపోయి అల్లాడుతున్న ఇంగ్లీషు సైన్యానికి ధాన్యం అందించినవాళ్లలో మనవాళ్లు ముఖ్యులు. ఇంగ్లీషోళ్లు తమ రాతల్లో బ్రింజారీలు అని రాసింది మనల్నే. ఇది గొప్పగా చెప్పుకునే సంగతా అని నేను చాలాసేపు ఆలోచించిన. చరిత్ర రాస్తే మంచి ముక్కలే ఏరుకొని రాయొద్దు అనిపించింది. ఎవరు యుద్ధం చేసినా తిండి మోసినోళ్లు ఉంటరు. వాళ్లకు కూలి ఉంటది, గెలుపు ఉండదు.

అవసరం తీరినంక

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి.

1791లో ఇంగ్లీషు సైన్యానికి మనం కావాలి. 1871లో, అంటే సరిగ్గా ఎనభై ఏండ్లకు, ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే కొన్ని కులాలు, తెగలు దొంగలు అని రాసిన చట్టం అది. మొదట ఉత్తర భారతంలో, 1911లో మద్రాసు రాష్ట్రం దాకా వచ్చింది. చాలాచోట్ల బంజారాలను, లంబాడీలను, సుగాలీలను ఆ జాబితాలో ఎక్కించారు. పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాలె, చెప్పకుండ ఊరు దాటొద్దు. తిరగడమే బతుకైన మనిషికి తిరగడమే నేరం అయింది. ఆ చట్టం వచ్చినప్పుడు ఇంగ్లండ్ గద్దె మీద ఉన్నది మా స్టేషన్ విక్టోరియా రాణే.

ఈ ఎనభై ఏండ్లలో ఏం జరిగింది? ఉప్పు మీద ఇంగ్లీషోళ్లు గుత్తాధికారం పెట్టారు. రోడ్లు పడ్డాయి. రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను తెరిచారు, 1889 నాటికి అది బెజవాడ దాకా పోయింది. పద్నాలుగు వేల ఎద్దులు నెలల తరబడి మోసేది రైలు రోజుల్లో చేరవేస్తది. మన లదేణి అక్కడ ఆగింది.

ఎద్దులు మిగిలినై కాబట్టి మనవాళ్లు పశువులు పెంచిన్రు. అడవిలో మేపితే పుల్లరి కట్టమన్నరు. అడవి నరికి భూమి చేసుకుంటే పట్టా దొరకు పోయింది, చాకిరి మనకు వచ్చింది. నిజాం రాజ్యంలో లంబాడీల మీద పోలీసు నిఘా, దొరల వెట్టి రెండూ ఎట్ల నడిచినయో మన సముదాయం నుంచే వచ్చిన చరిత్రకారుడు భంగ్యా భూక్యా గారు పెద్ద పుస్తకమే రాశారు. ఇంగ్లీషులో ఉంది. నాకు డిక్షనరీ పక్కన పెట్టుకొని చదవాల్సి వస్తుంది, అయినా చదువుతున్న.

అప్పుడు మనవాళ్లు ఊరుకున్నరా? లేదు. విసునూరు దేశ్‌ముఖ్ భూములు లాక్కుంటుంటే జనగామ వైపు ధర్మాపురం తండాల వాళ్లు ఎదురు నిలిచారు. జాటోత్ థాను నాయక్ ఆ పోరాటంలోనే 1950లో ప్రాణం ఇచ్చాడు. మనం తెలంగాణ సాయుధ పోరాటం పాఠంలో పది పేర్లు బట్టీ పట్టినం, ఆయన పేరు నాకు పాఠంలో దొరకలేదు.

1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టం పోయింది. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతో. ఆంధ్ర వైపు సుగాలీలు అంతకు ముందు నుంచే ఉన్నారు. ఇప్పటికీ మహారాష్ట్రలో మనవాళ్లు విముక్త జాతుల్లో, కర్ణాటకలో ఎస్సీల్లో ఉన్నారు. ఒక్కటే భాష, ఒక్కటే పెళ్లి పాట, రాష్ట్రం గీత దాటితే వేరే కాగితం.

సాగర్ రోడ్డు

రెండో వలస మా అమ్మానాన్నలది. దీనికి ఓడ లేదు, ఎద్దు లేదు, దేవరకొండ బస్సు ఉంది. మల్లేపల్లి, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డు పట్టుకొని వచ్చి రింగ్ రోడ్డు దగ్గర దిగుతరు. నల్లగొండ, పాలమూరు తండాల నుంచి వచ్చినోళ్లు హైదరాబాద్ తూర్పు దిక్కున ఇంత మంది ఉండటానికి కారణం ఈ రోడ్డే. మనిషి బస్సు దిగిన చోటే మొదట పని వెతుక్కుంటడు.

పొద్దున ఆరున్నరకు ఎల్.బి.నగర్ అడ్డా మీద నిలబడి చూడండి. టిఫిన్ డబ్బా, తట్ట, పార. మేస్త్రీ వచ్చి మనుషులను చూసి ఎంచుకుంటడు. ఎనిమిది దాటినా ఎవరూ పిలవకపోతే ఆ రోజు కూలి లేనట్టే. మా బా మొదటి ఏడాది ఈ అడ్డా మీదనే నిలబడ్డడు. తండాల మూడెకరాలు ఉంది, వాన పడితే పత్తి, పడకపోతే అప్పు. వేసిన రెండు బోర్లూ ఎండినై.

మా హాస్టల్ నల్లాలో కృష్ణా నీళ్లు వస్తయి. ఆ నీళ్లు నాగార్జునసాగర్ వెనక నుంచి ఎత్తిపోసి, మా దిక్కు కోదండాపురం కాడ శుద్ధి చేసి, 2004 నుంచి పైపుల్లో సాహెబ్‌నగర్ దాకా తెస్తున్నవి. ఆ పైపులు మా వైపు ఊళ్ల పక్క నుంచే పోయినై. అవి పోతున్న ఏండ్లలో నల్లగొండ పల్లెలు, తండాలు ఎన్నో ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగినై. నీళ్లు పట్నం వచ్చినై, నీళ్ల వెనక మేం వచ్చినం.

ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేట మెట్రో 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. రిబ్బన్ కత్తిరించినోళ్ల ఫొటోలు పేపర్లో వచ్చినై. మా మామ ఆ రోజు వేరే సైటు మీద ఉన్నడు.

కాగితం సంగతి

విండ్‌రష్ కథలో సార్ తర్వాతి క్లాసులో చెప్పిన ముక్క నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

1973 కంటే ముందు వచ్చి బ్రిటన్‌లో స్థిరపడిన కామన్వెల్త్ పౌరులకు అక్కడే ఉండే హక్కు చట్టం ఇచ్చింది. హక్కు ఇచ్చింది కానీ చేతికి కాగితం ఇవ్వలేదు. అమ్మ, నాన్న పాస్‌పోర్టు మీద చిన్నప్పుడు వచ్చిన పిల్లలు అక్కడే చదివి, పని చేసి, పన్ను కట్టి ముసలోళ్లయ్యారు. 2010లో ప్రభుత్వ శాఖ వాళ్లు దిగినప్పటి పాత కార్డులను నాశనం చేసింది. 2012 తర్వాత ఇల్లు, ఉద్యోగం, వైద్యం అన్నిటికీ రుజువు చూపమనే పద్ధతి వచ్చింది. రుజువు లేని వాళ్లకు ఉద్యోగాలు పోయినై, కొందరికి వైద్యం ఆగింది, కొందరిని పట్టుకొని దేశం దాటించారు. 2018లో ఇది బయటపడి గొడవ అయింది, హోం మంత్రి రాజీనామా చేసింది. ఆ ఏడాది నుంచే జూన్ 22ను విండ్‌రష్ దినంగా జరుపుతున్నారు. 2022 జూన్ 22న లండన్ వాటర్‌లూ రైల్వే స్టేషన్‌లో విగ్రహం పెట్టారు. ఒకాయన, ఒకామె, ఒక చిన్న పాప పండుగ బట్టలు వేసుకొని సూట్‌కేసుల మీద నిలబడి ఉంటరు. విగ్రహం చేసినాయన జమైకా శిల్పి బాసిల్ వాట్సన్.

విగ్రహం పెట్టిన రోజు కూడా నష్టపరిహారం అందని వాళ్లు ఉన్నారు. అందుకే కొందరు ఆ విగ్రహం చూసి సంతోషపడలేదు. మాకు రాయి ఎందుకు, ముందు న్యాయం చెయ్యండి అన్నారు. ఆ మాట కూడా నాకు న్యాయమే అనిపించింది.

ఇది విన్నప్పుడు నాకు నా స్కాలర్‌షిప్ గుర్తొచ్చింది. 2018 ఆగస్టులో మా తండా గ్రామ పంచాయతీ అయింది. 500 జనం దాటిన తండాలను, గూడేలను పంచాయతీలు చేసిన చట్టం వల్ల రాష్ట్రంలో వెయ్యికి పైగా గిరిజన ఆవాసాలకు సొంత పంచాయతీ వచ్చింది. పండుగ చేసుకున్నం. కానీ నా పాత సర్టిఫికెట్‌లో పెద్ద ఊరి పేరు ఉంది, కొత్త దాంట్లో తండా పేరు ఉంది. ఒక ఆఫీసులో రెండూ కలవలేదని నా ఫారం పక్కన పెట్టారు. "నువ్వు అసలు ఏ ఊరిదానివి?" అని అడిగారు. బా మూడు రోజుల కూలి పోగొట్టుకొని నాతో తిరిగిండు. నాలుగు నెలలు ఆలస్యమైంది కానీ వచ్చింది. మా దాదిని పెన్షన్ కోసం పుట్టిన తేదీ అడిగితే "పెద్ద కరువుల పుట్టిన" అన్నది. అది ఏ ఏడాదో రాసుకునే గడి ఫారంలో లేదు.

లండన్‌లో కార్డులు పారేశారు. మనకు కార్డులు ఇచ్చిందే లేదు. ఎక్కడైనా కథ ఒకటే: పని ఉన్నప్పుడు పిలుస్తరు, పని అయినంక కాగితం అడుగుతరు.

'వలస' అనే మాట

ఈ గ్రూపులో గోండు, కోయ, కొలాం, చెంచు అన్నలు, అక్కలు ఉన్నారు. మీకు ఒక మాట చెప్పాలె. ఈ అడవుల్లో మీరు మా కంటే ఎంతో ముందు నుంచి ఉన్నోళ్లు. జల్, జంగల్, జమీన్ అన్న కొట్లాట కొమురం భీం చేసింది మీ గడ్డ మీద. రిజర్వేషన్లలో వాటా మీద మీకున్న బాధ నాకు తెలుసు, మా హాస్టల్ రూములోనే ఒక కోయ అక్క ఉంది, రాత్రి రెండు దాకా దాని మీద మాట్లాడుకున్నం. ఆ లెక్క కూర్చొని తేల్చుకోవాల్సిన లెక్క. ఈ పోస్టు దాని మీద రాయలేదు.

నేను అడిగేది ఒక్కటే. వలస వచ్చినోళ్లు అన్న మాటను నోరు మూయించడానికి వాడొద్దు. అవును, మేం వచ్చినం. నాలుగు వందల ఏండ్ల కింద మొదలైన రాక. ఈ హైదరాబాద్‌ను కట్టిన కులీ కుతుబ్ షాహీల పెద్దలూ ఇరాన్ వైపు నుంచి వచ్చినోళ్లే, ఆసఫ్ జాహీల పెద్దలూ బయటి నుంచి వచ్చినోళ్లే. వాళ్ల రాకను వలస అని ఎవరూ అనరు, రాజ్యం అంటరు. ఎద్దుతో వచ్చినోళ్లను, తట్టతో వచ్చినోళ్లను మాత్రమే ఎప్పుడు వచ్చినవ్ అని అడుగుతరు.

క్లాసులో జవాబు చెప్పలేని రోజు రాత్రి ఫోనులో దాదిని అడిగిన. "దాదీ, మనం ఏడికెళ్లి వచ్చినం?" దాది కొంచెంసేపు ఆగి అన్నది: "ఏడికెళ్లి అని అడుగుతరు గని, ఏం తెచ్చినరు అని అడగరు బిడ్డా. ఉప్పు తెచ్చినం."

మన రోజు ఏది?

మనకు గుర్తులు అసలు లేవని కాదు. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి ప్రభుత్వం తరఫున జరుగుతుంది. బంజారా హిల్స్ పేరు ఒకప్పుడు ఆ గుట్టల మీద ఉన్న మనవాళ్ల నుంచి వచ్చిందే. ఈ రోజు అక్కడ గజం ధర మనకు అందదు, ఆ గుట్టల్లో తండా ఎక్కడుండేదో చూపించే రాయి నాకు కనబడలేదు. 2022 సెప్టెంబర్ 17న అదే బంజారా హిల్స్‌లో సేవాలాల్ బంజారా భవన్, దాని పక్కనే కుమ్రం భీం ఆదివాసీ భవన్ తెరిచారు. లండన్‌లో ఆ విగ్రహం పెట్టిన మూడు నెలలకే ఇది జరిగింది. రెండు భవనాలు పక్కపక్కన ఉండటం నాకు నచ్చింది.

కానీ జయంతి రోజు మనం ఏం చేస్తున్నం? భోగ్ పెడతం, డీజే పెడతం, నాయకుల ఫ్లెక్సీలు కడతం. అదీ ఉండాలె, కార్నివాల్ విలువ నాకిప్పుడు తెలుసు. దానితో పాటు ఇంకొక పని కూడా చేద్దాం అంటున్న. ప్రభుత్వం పాఠం రాసేదాకా ఆగకుండ మన చేతిలో ఉన్న పని.

వచ్చే సెలవుల్లో మీ తండాకో, గూడెంకో పోయినప్పుడు అందరికంటే పెద్ద మనిషి దగ్గర ఒక్క గంట కూర్చోండి. ఫోనులో రికార్డు చెయ్యండి. ఇవి అడగండి:

మీ తండా పేరు ఎవరి పేరు? చాలా తండాలకు మొదట దిగిన నాయక్ పేరే ఉంటది. ఆ నాయక్ ఎక్కడి నుంచి వచ్చిండు, ఆయన ముందు ఎవరు?

ఎద్దుల మీద సరుకు మోసిన సంగతి ఎవరికైనా గుర్తుందా? ఏ దారి, ఏ సంత, ఏ సరుకు?

భూమి ఎట్ల వచ్చింది, ఎట్ల పోయింది? పుల్లరి ఎవరికి కట్టిన్రు? వెట్టి ఎవరింట్ల చేసిన్రు?

తండా నుంచి మొదట పట్నం పోయింది ఎవరు, ఏ ఏడాది, ఏ పని? హైదరాబాద్‌లో ఏ కట్టడం కాడ పని చేసిన్రు?

దొంగలు అని పోలీసులు తీసుకుపోయిన సంగతి ఉందా? ఇది అడిగేటప్పుడు జాగ్రత్త. చెప్పడానికి ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యొద్దు.

వాళ్లు గోర్ బోలిలో చెప్తే గోర్ బోలిలోనే ఉంచండి. గోండీ, కోయ అయినా అంతే. మన భాషలకు బళ్లో చోటు తక్కువ, కనీసం మన ఫోన్లలో చోటు ఉండాలె. పక్కన తెలుగులో నాలుగు లైన్లు రాసి ఈ గ్రూపులో పెట్టండి. పేర్లు పెట్టాలా వద్దా అని ముందు వాళ్లనే అడగండి.

నేను మొదలుపెట్టిన. మా దాది రికార్డింగు నలభై నిమిషాలు వచ్చింది, అందులో పదిహేను నిమిషాలు నా పెళ్లి గురించే. మిగిలిన ఇరవై అయిదు నిమిషాల్లో ఆమె మామ ఉప్పు కోసం సముద్రం దాకా పోయిన కథ, వాళ్ల మామకు ఎద్దు తొక్కి కాలు పోయిన కథ ఉన్నై. ఏడాది చెప్పలేదు. కానీ దారిలో ఊళ్ల పేర్లు ఏడు చెప్పింది. మ్యాప్ తీసి చూసిన. అయిదు దొరికినై. వరసగా తూర్పుకే పోతున్నై.

మా బా, యాడికి మాత్రం ఇంకా అడగలేదు. పోయిన ఆదివారం అడుగుదామని పోతే బా కొత్త స్లాబు కింద చెక్కలు విప్పుతున్నడు. "మా బతుకుల చరిత్ర ఏముంటదే, పని చేసినం" అన్నడు. మళ్లీ పోతా. ఏయే బిల్డింగుల కాడ చేసిండో పేర్లు రాసుకుంటా. పదిహేనేండ్ల లిస్టు అది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఎన్ని వస్తయో చూడాలె.

మీ తండా పేరు, ఆ పేరు వెనక మనిషి కథ కింద రాయండి. నేను అన్నీ ఒక నోటుబుక్కుల ఎక్కిస్తా.

జై సేవాలాల్. జోహార్ థాను నాయక్. జోహార్ కొమురం భీం.

మీ చెల్లె,
దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ నుంచి